రాకడ తేదీ చెప్పేవారిని నమ్మి నాట్లు ఆపకండి

"అయ్యగారూ, యేసు ప్రభువు తిరిగి రావడానికి ఇంకెన్ని రోజులున్నాయి?" హనుమకొండలో ఆదివారం ఆరాధన ముగిశాక, చెప్పులు వేసుకునే చోట నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. 2025 సెప్టెంబరులోనైతే ఫోను మోగని పూట లేదు. ఆ నెల 23, 24 తేదీల్లో సంఘం ఎత్తబడుతుందని, అంటే విశ్వాసులను ప్రభువు ఆకాశానికి తీసుకుపోతాడని, దేశం కాని దేశంలో ఎవరో చెప్పిన మాట వీడియోలుగా మన పల్లెల దాకా వచ్చింది.

అపోహ: బైబిల్లో దానియేలు, ప్రకటన గ్రంథాల్లోని అంకెలు కూడితే రాకడ తేదీ తేలుతుంది.

వాస్తవం: తేలదు. ఆ దినం, ఆ గడియ తండ్రికే తెలుసని మత్తయి 24:36లో యేసు ప్రభువే చెప్పారు. అయినా లెక్కలు కట్టేవారు కడుతూనే ఉన్నారు. అమెరికాలో విలియం మిల్లర్ దానియేలు 8:14లోని 2,300 దినాలను సంవత్సరాలుగా లెక్కవేశాడు. ఆయన అనుచరులు 1844 అక్టోబరు 22న ఎదురుచూశారు. కొందరు పంట కూడా కోయలేదు. మర్నాడు ఎప్పటిలాగే తెల్లవారింది.

"యూదుల బబులోను చెర 70 ఏళ్లని యిర్మీయా ప్రవక్త అంకె చెప్పాడు కదా" అంటారు. చెప్పాడు. దేవుడు తెలియజేయదలచినప్పుడు అంత తేటగా తెలియజేస్తాడు, కూడికలు తీసివేతలు మనకు వదలడు. ఆ 70 ఏళ్ల సంగతిని దానియేలు ప్రవక్త, గ్రంథాలు చదివి గ్రహించాడు. గ్రహించి, గోనెపట్ట కట్టుకుని ప్రార్థనలో కూర్చున్నాడు. అదే దానియేలు తనకు వచ్చిన దర్శనం గురించి 12వ అధ్యాయంలో ఏమన్నాడు? విన్నాను గాని గ్రహించలేకపోయాను అన్నాడు. అంత్యకాలం వరకు ఆ మాటలు ముద్రవేసి మూసి ఉంటాయి, నీవు వెళ్లు అని జవాబు వచ్చింది. ప్రవక్తకే మూసి ఉంచినది వీడియో చేసేవాడికి ఎలా తెరుచుకుంది?

ఆ సెప్టెంబరులో పరకాల వైపు మా విశ్వాసి ఒకరి ఇంటికి వెళ్లాను. మిరప నారు మడిలోనే ముదిరి, సన్నగా సాగి, ఒకదానిమీద ఒకటి వాలిపోయి ఉంది. "ఎవరు తినాలని నాటాలి, అయ్యగారూ?" అన్నాడు. కూతురి డిగ్రీ ఫీజు కూడా కట్టలేదు. ఆయనది సోమరితనం కాదు, భయం. రాత్రుళ్లు నిద్ర లేదని చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

గట్టుమీద కూర్చుని యిర్మీయా 28 తెరిచాను. రెండేళ్లలో చెర ముగుస్తుందని హనన్యా అనే అబద్ధ ప్రవక్త చెప్పాడు, బబులోనుకు లోబడాలనే గుర్తుగా యిర్మీయా మెడమీద ఉన్న కాడిని తీసి విరిచేశాడు. అందరికీ నచ్చిన మాట అది, అబద్ధం కూడా అదే. తర్వాతి అధ్యాయంలో, బబులోనులో చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా ఉత్తరం రాశాడు: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలం తినండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి. "తమ్ముడూ, ఇది కూడా ప్రవచనమే" అన్నాను. ఆ ఫలం తినే మాట తనే మళ్లీ చదువుకున్నాడు. రెండు రోజుల తర్వాత కూలీలు వచ్చారు. నారు కొసలు తుంచి నాటారు.

అపోహ: ఆలస్యమైతే ప్రవచనం తప్పినట్టే.

వాస్తవం: హబక్కూకు 2:3 చదవండి, ఆలస్యమైనా కనిపెట్టు, అది తప్పక జరుగుతుందని ఉంది. నిర్ణయకాలం దేవునిది.

అపోహ: ప్రవచనమంతా ఒక్కసారే బయలుపడింది.

వాస్తవం: రాబోయే రక్షకుడి గురించి దేవుడు ఆదికాండము 3లో స్త్రీ సంతానం అన్నాడు, తర్వాత అబ్రాహాము సంతానం, యూదా గోత్రం, దావీదు ఇల్లు, మీకా దగ్గరికి వచ్చేసరికి బేత్లెహేము. నజరేతులో ప్రభువు యెషయా 61 చదువుతూ హితవత్సరం, అంటే దేవుడు దయ చూపే సంవత్సరం, అన్న మాట దగ్గర ఆపి గ్రంథం చుట్టేశారు. ఆ వాక్యంలో తర్వాతి మాట ప్రతిదండన దినం. దాని కాలం ఇంకా రాలేదు గనుక ఆ రోజు చదవలేదు. ఈ చోటికి వచ్చినప్పుడల్లా నా గొంతు ఆగుతుంది.

అపోహ: యుద్ధం వార్త వచ్చిందంటే అంతం వచ్చేసినట్టే.

వాస్తవం: అంతము వెంటనే రాదని ప్రభువు అక్కడే చెప్పారు, మత్తయి 24:6.

భయంతో నిద్రపట్టనివారు బుధవారం సాయంత్రం ప్రార్థనకు రండి. మిమ్మల్ని భయపెట్టిన ఆ వీడియో కూడా తీసుకురండి. అందులో చెప్పిన అధ్యాయం మొదటి వచనం నుంచి కలిసి చదువుదాం.