ప్లాస్మాకు టెస్టర్ పెడితే

స్విచ్‌బోర్డులో కరెంటు ఉందో లేదో చూడటానికి టెస్టర్ పెడతాం. దాని పిడిలో వెలిగే నారింజ రంగు చుక్క నియాన్ వాయువు ప్లాస్మాగా, అంటే ఎలక్ట్రాన్లు ఊడి చార్జి ఉన్న కణాల గుంపుగా, మారడం వల్ల వచ్చిందే. అంటే ప్లాస్మాను చూసి కరెంటు సంగతి తెలుసుకుంటున్నామన్నమాట. ఫ్యూజన్ (పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించడం) పరిశోధకులది సరిగ్గా తలకిందుల పని. ప్లాస్మాలో తీగ పెట్టి, అందులో వచ్చే కరెంటును బట్టి ప్లాస్మా సంగతి చెబుతారు. ఈ పద్ధతిని 1920లలో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ల్యాబ్‌లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ తీర్చిదిద్దాడు. 'ప్లాస్మా' అనే పేరు పెట్టిందీ ఆయనే.

దక్షిణ ఫ్రాన్స్‌లో కడుతున్న ఇటర్ అనే ఫ్యూజన్ రియాక్టర్‌లోని ప్లాస్మాను వేడెక్కించడానికి మహావేగంతో పోయే డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) పరమాణువులను లోపలికి పంపాలి. చార్జి ఉన్న కణాన్ని అయస్కాంత క్షేత్రం గుమ్మంలోనే పక్కకు తిప్పేస్తుంది. చార్జి లేనిదాన్నేమో వోల్టేజీతో తొయ్యలేం. అందుకే ముందు చార్జి ఇచ్చి, 10 లక్షల వోల్టులతో తోసి, దారిలో వాయువు గుండా పంపి ఆ చార్జి వదిలిస్తారు. చార్జి ఉన్న పరమాణువే అయాన్. ఎలక్ట్రాన్ తగ్గితే ధన అయాన్, ఎక్కువైతే రుణ అయాన్. అంత వేగంలో ధన అయాన్‌కు ఎలక్ట్రాన్ దొరకడం కష్టం. రుణ అయాన్‌కు తన అదనపు ఎలక్ట్రాన్ ఊడిపోవడం తేలిక. దాన్ని పట్టి ఉంచేది 0.75 ఎలక్ట్రాన్ వోల్టులే (కణాల శక్తిని కొలిచే యూనిట్ ఇది, వేడినీ ఇందులోనే చెబుతారు).

తలనొప్పి కూడా దానితోనే. అయాన్లు పుట్టే చోటు, అంటే సోర్సు, లోపలి ప్లాస్మాలో ఎలక్ట్రాన్లు మరీ వేడిగా ఉంటే, అయాన్ బయల్దేరకముందే దాని అదనపు ఎలక్ట్రాన్ ఊడిపోతుంది. అందుకే అక్కడి 10 ఎలక్ట్రాన్ వోల్టుల వేడిని అయస్కాంతాలతో 1 దాకా దించుతారు. ఆ 1 అంటే సుమారు 11,600 డిగ్రీలు. వీళ్ల లెక్కలో అది చల్లన! నిజంగా దిగిందా లేదా అన్నది తీగే చెప్పాలి.

సెరామిక్ గొట్టంలో టంగ్‌స్టన్ తీగ, కొన్ని మిల్లీమీటర్ల కొస మాత్రం బయటికి. ప్రోబ్ అంటే ఇంతే. వోల్టేజీ బాగా మైనస్‌లో ఉంటే ధన అయాన్లే వస్తాయి, కరెంటు కొంచెమే. ప్లస్ వైపు జరిపేకొద్దీ ఎలక్ట్రాన్లు ఎగబడతాయి, గ్రాఫు లేస్తుంది. అది ఎంత నిటారుగా లేస్తే ఎలక్ట్రాన్లు అంత చల్లగా ఉన్నట్టు.

చెప్పినంత తేలిక కాదు లెండి. సోర్సులోని ఈ ప్లాస్మాను వెలిగించేది సెకనుకు 10 లక్షల సార్లు ఊగే రేడియో తరంగం. దానితోపాటు ప్లాస్మా వోల్టేజీ కూడా ఊగుతుంది, గ్రాఫు అలుక్కుపోయి ఉన్నదానికన్నా ఎక్కువ వేడి చూపిస్తుంది. ఆ ఊపును ఆపడానికి కొస వెనకాలే చిన్న కాయిల్స్ పెడతారు. రుణ అయాన్లు పుట్టడానికి వాడే సీజియం అనే లోహం ఈ తీగ మీద కూడా పేరుకుని రీడింగును మార్చేస్తుంది. ఇటలీలోని పాదువాలో ఇటర్ కోసం 2018లో మొదలైన స్పైడర్ అనే పరీక్షా యంత్రంలోనైతే సోర్సే లక్ష వోల్టుల మీద కూర్చుంటుంది. మీటరూ అక్కడే ఉండాలి, రీడింగు ఆప్టికల్ ఫైబర్‌లో దిగి రావాలి. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో రాబిన్ అనే సోర్సు మీద కూడా ఇలాంటి ప్లాస్మాతోనే కుస్తీ.

తీగ ఒక్కటే తేల్చలేనిది ఇంకొకటుంది. ఎలక్ట్రాన్, రుణ అయాన్ రెండూ మైనస్సే, ఏది ఎంతో ఎలా విడదీయాలి? కొస చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ లేజర్ మెరుపు కొడతారు. ఆ ఫోటాన్ శక్తి 1.17 ఎలక్ట్రాన్ వోల్టులు, 0.75కి చాలినంత. అయాన్ల ఎలక్ట్రాన్లు ఊడిపడి, ప్రోబ్ కరెంటు ఒక్క క్షణం ఎగురుతుంది. ఎగిరిన ఎత్తును ముందున్న ఎలక్ట్రాన్ కరెంటుతో పోలిస్తే, ఒక్కో ఎలక్ట్రాన్‌కు ఎన్ని రుణ అయాన్లున్నాయో తెలిసిపోతుంది.