బంతి మొలకలు ఎందుకు సాగాయంటే

జయనగర్, బెంగళూరు.

చిరంజీవులు చిన్నీకి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన బంతి మొలకల ఫోటో చూసి "నీళ్లు ఎక్కువయ్యాయేమో" అని ఫోన్‌లో అనేశాను. తప్పు చెప్పాను. తీరిగ్గా లెక్కపెడితే ఒక్క తొట్టిలోనే ముప్పై మొలకలున్నాయి! గుప్పెడు విత్తనాలూ ఒకేచోట పోశారు కదూ? పైగా చెన్నైలో మీ బాల్కనీకి ఎండ వచ్చేది ఒక్క పక్క నుంచే. ఒకదాన్ని మించి ఒకటి సాగి, కాడలో బలం లేక వాలిపోయాయి.

పక్కన ఇంకో మొక్క ఉందని వాటికెలా తెలుస్తుంది? ఆకు ఎండలోని ఎరుపునూ నీలాన్నీ మింగేస్తుంది. ఎరుపుకు అవతల, మన కంటికి దాదాపు ఆనని ఫార్-రెడ్ వెలుగును మాత్రం చాలావరకు వదిలేస్తుంది. అందుకే ఆకుల మధ్య తిరిగే వెలుగులో ఎరుపు తగ్గిపోతుంది. ఈ తేడాను పసిగట్టే పదార్థం మొక్కలోనే ఉంది, పేరు ఫైటోక్రోమ్. 1959లో అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో దాని ఆచూకీ పట్టారు. నాకు అబ్బురమనిపించేది ఏంటంటే, నీడ ఇంకా మీద పడకముందే, పక్కవాడి ఆకును తాకి వచ్చిన వెలుగును బట్టి మొలక కాడను సాగదీయడం మొదలుపెడుతుంది. వేళ్లకు అందాల్సిన తిండి కూడా ఆ కాడకే పోతుంది.

అన్నీ ఇలా కొట్టుకోవులెండి. అనంతపురం దగ్గర మా నాన్న బుడ్డల చేలో ఏడెనిమిది సాళ్లకు ఒక సాలు కంది వేసేవాడు. బుడ్డలంటే మీ వేరుశనక్కాయలే. అవి నాలుగు నెలల్లో చేతికొస్తాయి. కందికి మొదట్లో మహా బద్ధకం, రెండు నెలలు ఎదిగీ ఎదగనట్టే ఉంటుంది. బుడ్డలు పీకి చేను ఖాళీ అయ్యాక చూడాలి దాని జోరు! అప్పుడిక ఎండంతా దానిదే.

మా వీధి చివర నిద్రగన్నేరుకు మనీప్లాంట్ ఎగబాకింది. నేల దగ్గర ఆకు నా అరచేయంత లేదు, పైన చేటంత! దాని చుట్టం మాన్‌స్టెరా ఉందే, అది ఇంకా విడ్డూరం. ఆ తీగల్లో కొన్నింటి మొలకలు వెలుగు వైపు కాదు, చీకటి వైపు పాకుతాయి. అడవిలో అంత చీకటిగా కనిపించేది పెద్ద చెట్టు మొదలే మరి. అది దొరికాక పైకెక్కుతూ వెలుగు చూసుకుంటాయి.

ఇక మీ తొట్టి సంగతి. గట్టిగా ఉన్నవి మూడు ఉంచండి. మిగతావి పారేయకండి. వేళ్లు తెగకుండా తీసి, విడివిడిగా, కాడ సగం వరకు మట్టిలోకి దించి నాటండి. బంతి కాడకు మట్టి తగిలినచోట కొత్త వేళ్లు వస్తాయి. రెండు మూడు రోజులు మిట్టమధ్యాహ్నపు ఎండ తగలనివ్వకండి. ముప్పై తొట్లు కావాలని మీ అమ్మను మాత్రం అడగకండి, నా మీద పడుతుంది.

మీ తాతయ్య