గెలిచినవాడి శిల్పం, ఓడిన కోట

గుంటూరు నుంచి చిలకలూరిపేట దారిలో కొండవీడు ఘాట్‌ రోడ్డెక్కేవాళ్లు రెడ్డిరాజుల వైభవం చెప్పుకుంటారు. కానీ 1515లో ఆ కోట కళింగాన్ని (ఒడిశా) ఏలే గజపతులది. కృష్ణదేవరాయల సైన్యం ముందుగా అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ వంటి కోటలను లొంగదీసుకుంది. నేడు గుంటూరు బస్టాండులో బోర్డుల మీద కనిపించే పేర్లే ఇవి. ఆ ఏడాది జూన్‌ 23న కొండవీడూ పడిపోయింది. గజపతి కొడుకు వీరభద్రుడు బందీ అయ్యాడు. ఈ విజయం రాయల మంత్రి తిమ్మరుసుదని మంగళగిరి శాసనం చాటుతుంది.

మనవైపు యుద్ధం శాసనాలకెక్కింది. బొమ్మలకెక్కింది రాయల రాజధాని హంపీలో. అక్కడి మహానవమి దిబ్బను పోర్చుగీసు యాత్రికుడు పాయెస్‌ ‘విజయగృహం’ అన్నాడు, కళింగ యుద్ధం నుంచి తిరిగొచ్చి రాయలు కట్టించాడని రాశాడు. నిజానికి దిబ్బలో కొంత భాగం అంతకన్నా పాతదంటారు పురావస్తువేత్తలు. గెలిచిన రాజు ఖాతాలో పాత రాళ్లు కూడా జమవుతాయి కాబోలు! దగ్గరికెళ్లి చూస్తే వరసలు వరసలుగా ఏనుగులు, గుర్రాలు, వేట, నర్తకీమణులు, కొలువులో కూర్చున్న రాజు ముందు విదేశీయులు. ఏ ఏనుగుకూ గాయం లేదు. బలం, క్రమశిక్షణ, కానుకలు: సామ్రాజ్యం తనను తాను చూసుకోవాలనుకున్న తీరు ఇది.

నాకు ఇంతకన్నా గడుసుగా తోచేది యుద్ధానికి భక్తి రంగు పులమడం. 1514లో ఉదయగిరి పడ్డాక అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తరలించి, దానికోసం గుడి కట్టారు. తూర్పు గోపురం మీద సున్నపు బొమ్మల్లో డాళ్లు పట్టిన సైనికులు, గుర్రాలు, ఏనుగులు ఇప్పటికీ కనిపిస్తాయి. కొల్లగొట్టిన విగ్రహం గర్భగుడిలో, కొల్లగొట్టిన సైన్యం గోపురం మీద. దండం పెట్టేవాడికి రెండూ ఒకే పుణ్యంలో భాగం. (ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.) కొండవీడు గెలిచాక కూడా రాయలు అమరావతి వచ్చి, అమరేశ్వరుడి సన్నిధిలో తులాపురుష దానం (తన ఎత్తు బంగారం తూచి ఇవ్వడం) చేశాడు.

కావ్యంలోనూ ఇదే వరస. ‘ఆముక్తమాల్యద’ అవతారికలో (పీఠికలో) కృష్ణా జిల్లా శ్రీకాకుళం ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి తెలుగులో రాయమంటాడు. ‘తెలుగు లెస్స’ అన్న ఆ పద్యం బడిపిల్లలకూ నోటికొస్తుంది. రాజు కళింగాన్ని గెలవాలని దండెత్తి వచ్చి, విజయవాడలో కొన్నాళ్లు విడిదిచేసి, అక్కడి నుంచే ఆ గుడికి వెళ్లాడని దానికి ముందున్న వచనంలో ఉంది. దాన్ని మాత్రం ఎవరూ బట్టీ పట్టించరు.