మెదడు ఆపరేషన్‌కు ముందు రక్త పరీక్షలు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో మెదడు ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టర్‌ని. కావలి, కందుకూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చే బంధువుల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: "బీటీ, సీటీ నార్మల్ సార్. ఇంక భయం లేదు కదా?"

వాస్తవం: రక్తం ఆగడానికి పట్టే సమయం (బీటీ), గడ్డకట్టడానికి పట్టే సమయం (సీటీ) చూసేందుకు వేలు గుచ్చి చేసే ఆ పరీక్షలు ఆపరేషన్‌లో రక్తస్రావాన్ని ముందుగా పసిగట్టలేవు. మేం చూసేది ల్యాబ్‌లో రక్తం గడ్డకట్టే తీరు కొలిచే పీటీ-ఐఎన్ఆర్, ఏపీటీటీ పరీక్షలు, రక్తాన్ని ఆపే ప్లేట్‌లెట్ కణాల సంఖ్య, అవసరమైతే గడ్డకట్టడానికి కావాల్సిన ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్. చాలా ఆపరేషన్లకు 50,000 ప్లేట్‌లెట్లు సరిపోతాయి. మెదడుకు మాత్రం లక్ష ఉండాలంటాం. పుర్రెలో ఖాళీ ఉండదు, చిన్న రక్తపు గడ్డ కూడా మెదడును నొక్కేస్తుంది.

అపోహ: ఇవన్నీ బాగుంటే రక్తం సరిగ్గా గడ్డకడుతున్నట్టే.

వాస్తవం: నాకు ఎక్కువ భయం ఇక్కడే. గుండెకు వాడే ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) ప్లేట్‌లెట్ల సంఖ్యను తగ్గించదు, వాటిని పని చేయనివ్వదు. రిపోర్టులో అంతా నార్మలే. ఆ మందు తగిలిన ప్లేట్‌లెట్ ఇక కోలుకోదు. 7 నుంచి 10 రోజుల్లో కొత్తవి రావాల్సిందే. అందుకే తొందర లేని ఆపరేషన్‌కు సాధారణంగా వారం ముందే ఆపిస్తాం. మీరుగా మాత్రం మానేయకండి, గుండె రక్తనాళంలో వేసిన స్టెంట్ మూసుకుపోవచ్చు. గుండె డాక్టరుతో మాట్లాడి మేమే చెప్తాం. మోకాళ్ళ నొప్పికి షాపులో కొన్న బిళ్ళల సంగతి కూడా దాచొద్దు, వాటిలో చాలావరకు ప్లేట్‌లెట్ల పనిని అడ్డుకునేవే. వాటిని మందుల కింద లెక్కేయక "ఏమీ వాడట్లేదు" అనేస్తారు.

మేనరికపు సంబంధాలు ఉన్న ఇళ్ళలో ఇంకో ప్రశ్న అడుగుతాను. కట్టిన రక్తపు గడ్డను గట్టిపరిచే ప్రోటీన్ ఫ్యాక్టర్ 13. దాని లోపం చాలా అరుదు, అమ్మానాన్నలిద్దరి నుంచీ రావాలి. పీటీ, ఏపీటీటీ రెండింటిలోనూ దొరకదు. ఆపరేషన్ సాఫీగా సాగి, తర్వాత ఎప్పుడో రక్తస్రావం మొదలవుతుంది. దాని జాడ అమ్మమ్మకో నాయనమ్మకో గుర్తుంటుంది. "పుట్టినప్పుడు బొడ్డు దగ్గర రక్తం ఆగలేదా అమ్మా?" అని వాళ్ళనే అడుగుతాను.

అపోహ: "ఒంగోల్లో తీసిన రిపోర్టు ఉందిగా, మళ్ళీ రక్తం ఎందుకు?"

వాస్తవం: హైవే మీద తలకు దెబ్బ తగిలినవారిలో రక్తం గడ్డకట్టే తీరు గంటల్లోనే మారిపోవచ్చు. పొద్దుటి రిపోర్టు సాయంత్రానికి పనికిరాకపోవచ్చు. ఈ పరీక్షలకు రక్తం పట్టే నీలిమూత ట్యూబు గీత దాకా నిండకపోయినా పీటీ లేనిపోని తేడా చూపిస్తుంది, అప్పుడూ మళ్ళీ తీయాల్సిందే.

అపోహ: ఆపరేషన్ అయ్యాక రక్తపు గడ్డల బెడద ఉండదు.

వాస్తవం: కదలకుండా పడుకుంటే కాళ్ళ సిరల్లో గడ్డలు కడతాయి, మెదడు కణితి ఉన్నవారికి మరీ ఎక్కువ. పిక్కలకు గాలి పట్టీలు చుట్టేది అందుకే. విసుగనిపించినా విప్పకండి. ఒక్క కాలే వాచినా, పిక్క నొప్పి పుట్టినా వెంటనే నర్సుకు చెప్పండి.