పక్కింటి పెరట్లో మన దారి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

లీడ్స్‌లో మీరు దిగిన ఇల్లు వరసలో మధ్యదట కదా. చెత్త బిన్ను రోడ్డు మీదికి తేవాలంటే పక్కింటివాళ్ళ పెరట్లోంచే లాక్కురావాలట. రేపు వాళ్ళు వద్దంటే ఏం చేస్తామని మీరు టెన్షన్ పడుతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నల్లకోటు విప్పేసి చాలా కాలమైనా ఇలాంటి ప్రశ్న వింటే చెయ్యి ఊరుకోదు.

పక్క స్థలాన్ని మన స్థలం కోసం ఇలా వాడుకునే హక్కును ఇంగ్లండ్ చట్టం ఈజ్‌మెంట్ అంటుంది. అది మీ నాన్నది కాదు, ఇంటిది. కాగితాల్లో రాసి ల్యాండ్ రిజిస్ట్రీలో ఎక్కించి ఉంటే, ఇటు మీరు అమ్మేసినా, అటు పక్కింటివాళ్ళు మారిపోయినా దారి పోదు. అందుకే ముందు మీ నాన్నను ఆ కాగితాలు తీసి చూడమనండి.

హక్కు వల్ల స్థలానికే లాభం ఉండాలి. ఆల్డర్‌షాట్ దగ్గర కాలువ కంపెనీ ఒకాయనకు గట్టు లీజుకిచ్చి, షికారు పడవలు నువ్వొక్కడివే తిప్పుకోమంది. పక్కనున్న సత్రం యజమాని తనూ పడవలు దింపాడు. లీజుదారు కోర్టుకెక్కి, 1863లో ఓడిపోయాడు. అది గట్టుకు అక్కరకొచ్చే హక్కు కాదు, అతని వ్యాపారానికి గుత్తాధిపత్యం మాత్రమే. అదే వెస్టన్-సూపర్-మేర్‌లో పార్కు చుట్టూ ఉన్న ఇళ్ళవాళ్ళు, ఆ పార్కులో తిరిగే హక్కు తమ ఇళ్ళదేనని 1955లో నెగ్గారు. ఇంటికి తోటలాంటిది కదా!

కాగితం లేకపోయినా ఇరవై ఏళ్ళు వాడితే హక్కు రావచ్చు. కానీ దొంగచాటుగా, బలవంతంగా, అడిగి పుచ్చుకుని వాడి ఉండకూడదు. మూడోదే విడ్డూరం. మర్యాదగా అడిగి, వాళ్ళు సరేనన్నాక వాడితే ఆ ఇరవై ఏళ్ళ లెక్కలోకి రాదు. మంచివాడికి నష్టం అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ అడిగినవాళ్ళకు సరేనంటే స్థలం పోతుందని భయపడితే ఇక ఎవరు సరేనంటారు?

బలవంతం సంగతి మీకు దగ్గర్లోని కీత్లీలోనే తేలింది. ఒక క్లబ్బు కార్ పార్కు పక్కన చేపలు, చిప్స్ అమ్మే కొట్టు. కొట్టుకొచ్చేవాళ్ళు ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే కార్లు ఆపుకున్నారు. క్లబ్బువాళ్ళు ఏ కేసూ వెయ్యలేదు. గోడకు మాత్రం ఒక బోర్డు ఉంది: ఇది ప్రైవేటు స్థలం, క్లబ్బుకొచ్చేవాళ్ళకే అని. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. స్థలం చేతులు మారాక గొడవ మొదలై అప్పీలు కోర్టుదాకా వెళ్ళింది. బోర్డు కనబడుతుండగా వాడుకోవడం యజమాని వద్దంటున్నా వాడుకోవడమేనని, ఆయన ప్రతి ఒక్కరితో తగువు పెట్టుకోనక్కర్లేదని 2016లో కోర్టు తేల్చింది. కొట్టువాళ్ళకు హక్కు రాలేదు.

వెలుతురుకూ ఇరవై ఏళ్ళ లెక్కే, 1832 నాటి చట్టం ప్రకారం. కిటికీలోంచి కనిపించే అందానికి మాత్రం 1610 నుంచీ హక్కు లేదు. ఇరవై ఏళ్ళ మాట మనకూ కొత్తేం కాదు: 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్లో ఉంది. అది మొదట అమలైన చోట్లలో మన జిల్లాలున్న మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి.

ఇంకొక్క మాట. కాగితాల్లో కాలిదారి అని ఉంటే వచ్చిపోవడానికే. సైకిళ్ళు ఆ పెరట్లో ఆపి పెట్టకండి.

ఇట్లు,
తాతయ్య