కరివేపాకు చెట్టు అడ్రస్

మా బాల్కనీలో కుండీలో పెంచుతున్న కరివేపాకు మొక్క ఒకటుంది. ఒకరోజు తాలింపుకని రెమ్మ తుంచబోతే ఆకు మీద పిట్ట రెట్ట కనబడింది. నల్లగా, మధ్యలో తెల్లటి మచ్చతో, ఇంకా తడి ఆరనట్టు మెరుస్తోంది. దులిపేద్దామని వేలు పెడితే అది కదిలింది. ఇంకాస్త గట్టిగా తాకేసరికి తల వెనక నుంచి రెండు పాయల ఎర్రటి కొమ్ము బయటికి పొడుచుకొచ్చి గుప్పున వాసన కొట్టింది. పక్కింటావిడ చూసి, "వేపనూనె కొట్టండి, రెండ్రోజుల్లో పోతాయి" అంది.

కొట్టలేదు. జాలిపడి కాదు, ఒక ప్రశ్న పట్టుకుని వదల్లేదు. మాది మూడో అంతస్తు, చుట్టూ సిమెంటు. అదే బాల్కనీలో తులసి, మందారం, మనీప్లాంట్ కూడా ఉన్నాయి. గుడ్డు పెట్టిన తల్లి వాటన్నిటినీ వదిలేసి సరిగ్గా ఈ మొక్కనే ఎలా పట్టుకుంది?

ఆ పురుగు ఇంగ్లీషులో కామన్ మార్మన్ అని పిలిచే సీతాకోకచిలుక పిల్ల. శాస్త్రీయ నామం పాపిలియో పాలిటిస్. ఈ జాతి ఆడవి గుడ్డు పెట్టే ముందు ఆకు మీద వాలి ముందుకాళ్లతో టకటకా కొడతాయి. మృదంగం వాయించినట్టు ఉంటుంది చూస్తే. ఆ కాళ్ల చివర రుచిని పట్టే కణాలుంటాయి. నాలుకతో మనం చేసే పని అవి పాదాలతో చేస్తాయి. నిమ్మజాతి ఆకుల్లో సినెఫ్రిన్ అనే పదార్థం ఒకటుంది. దీని బంధువైన మరో పాపిలియోకి ఆ సినెఫ్రిన్‌ను గుర్తుపట్టే రుచి గ్రాహకం ముందుకాళ్లలో ఉందని జపాన్ శాస్త్రవేత్తలు 2011లో చూపించారు. ఆ జన్యువు పని తగ్గించేస్తే, సినెఫ్రిన్ తగిలినా గుడ్డు పెట్టాలన్న స్పందన బాగా తగ్గిపోయింది.

ఈ పురుగులు తినే చెట్లను ఒకచోట పెట్టి చూస్తే మరో తమాషా కనిపిస్తుంది. నిమ్మ, దబ్బ, నారింజ, బత్తాయి, మారేడు, వెలగ, కరివేపాకు. మారేడుకాయకీ వెలగకాయకీ రాయిలాంటి పెంకు, కరివేపాకుకేమో గురివిందంత నల్లటి పండు, నిమ్మకు తొనలు. పైకి చూస్తే వీటికి చుట్టరికం ఉందని ఎవరూ అనుకోరు. కానీ ఇవన్నీ రూటేసి అనే ఒకే కుటుంబం. నమ్మకం కుదరకపోతే లేత నిమ్మాకును ఎండకు ఎదురుగా పట్టి చూడండి, సూదితో పొడిచినట్టు సన్నటి చుక్కలు వెలుగుతాయి. అవి నూనె తిత్తులు, ఈ కుటుంబానికి ఇంటిపేరు లాంటివి. వృక్షశాస్త్రజ్ఞులు పువ్వుల్ని కోసి, కేసరాలు లెక్కపెట్టి తేల్చిన ఈ సంగతి సీతాకోకచిలుకకు కాళ్లలోనే ఉంది.

వృక్షశాస్త్రజ్ఞులంటే గుర్తొచ్చింది. కరివేపాకు శాస్త్రీయ నామంలోని 'కోనిగీ' యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ పేరు. జీవులకు రెండు మాటల శాస్త్రీయ నామాల పద్ధతిని స్థిరపరిచిన లినేయస్‌కు శిష్యుడు. దక్షిణాదిలో మొక్కలు సేకరిస్తూ తిరిగి తిరిగి, 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో విరేచనాల జబ్బుతో చనిపోయాడు. అప్పుడు సామర్లకోటలో ఉన్న వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ ఆయనకు చివరి రోజుల్లో వైద్యం చేశాడు. రోజూ తాలింపులో వేసుకునే ఆకుకు మన ఊళ్లోనే కన్నుమూసిన ఒక పరదేశి పేరుందని నాకు చాలాకాలం తెలియదు.

సరే, మొక్క సంగతికి వద్దాం. ఆకులో ఆ ఘాటు మన సాంబారు కోసం పుట్టింది కాదు. పారిపోలేని మొక్కకు రసాయనాలే కోరలు. నిమ్మజాతుల్లో ఫ్యూరానోకూమరిన్లు అనే విషాలుంటాయి, వాటిలో సొరాలెన్ ముఖ్యమైనది. ఇది చీకట్లో దాదాపు నిద్రపోతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణం తగిలితే కణంలోని డీఎన్ఏ పోగుల్ని ఒకదానికొకటి అతికించేస్తుంది. నిమ్మరసం చేతికంటిన మనిషి మండుటెండలో తిరిగితే ఒక్కోసారి చర్మం కమిలి నల్లమచ్చలు పడేది ఇందుకే. రోజంతా ఎండలో కూర్చుని ఆకు నమిలే పురుగు గతి ఏమవ్వాలి?

దీన్ని ఏళ్ల తరబడి తవ్విన మనిషి అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన మే బెరెన్‌బామ్. ఆమె చూసింది బ్లాక్ స్వాలోటెయిల్ అనే మరో పాపిలియోని. అది నిమ్మ తినదు, క్యారెట్, కొత్తిమీర కుటుంబం మొక్కల్ని తింటుంది. వాటిలోనూ ఇవే ఫ్యూరానోకూమరిన్లు ఉన్నాయి. ఆ పురుగు పేగుల్లో పి450 అనే ఎంజైముల జట్టుకు చెందినది ఒకటి ఈ విషాన్ని విరగ్గొట్టేస్తుంది. మన కాలేయంలో మాత్రల్ని కరిగించేవీ ఆ జట్టువే. ఆహారంలో విషం పెరిగితే ఆ ఎంజైము తయారీ కూడా పెరుగుతుంది.

నిమ్మకీ కొత్తిమీరకీ చుట్టరికం చాలా దూరం. అయినా పాపిలియో అనే ఒకే సీతాకోకచిలుకల ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, రెండు ఇళ్లలోనూ కాపురం పెట్టగలిగింది, వంట ఒకటే కాబట్టి. ఇంతకన్నా గట్టి సాక్ష్యం కావాలంటే లైమ్ బటర్‌ఫ్లైని చూడాలి. నిమ్మ నర్సరీల వాళ్లకు తలనొప్పి తెచ్చే పసుపు-నలుపు సీతాకోకచిలుక ఇది. మన దగ్గర నిమ్మ, బత్తాయి ఆకుల్ని తినే ఇదే జాతి ఆస్ట్రేలియాలో చిక్కుడు కుటుంబానికి చెందిన కల్లెన్ మొక్కల మీద బతుకుతుంది. చిక్కుడెక్కడ, నిమ్మెక్కడ! కానీ మన బావంచాల మొక్కదీ ఆ కల్లెన్ ప్రజాతే. బొల్లి మచ్చలకు వైద్యులు పాతకాలం నుంచి వాడుతున్న గింజలు బావంచాలు. వాటి పాత శాస్త్రీయ నామం సొరాలియా, సొరాలెన్ అనే పేరు పుట్టింది అందులోంచే. సొరాలెన్ ఇచ్చి, తర్వాత అతినీలలోహిత కాంతి పెట్టి బొల్లికి చికిత్స చేసే పద్ధతి ఆధునిక వైద్యంలోనూ ఉంది. మొక్క పురుగుల్ని తరమడానికి రాసుకున్న విషం పురుగుకు అడ్రస్ చీటీ అయింది, మనిషికి మందైంది.

1964లో పాల్ ఎర్లిక్, పీటర్ రేవన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సీతాకోకచిలుకల ఆహారపు జాబితాలన్నీ ముందేసుకుని ఒక ప్రతిపాదన చేశారు. మొక్క కొత్త విషం కనిపెడుతుంది, పురుగుల బెడద తప్పి దాని సంతతి రకరకాల జాతులుగా విస్తరిస్తుంది. ఎప్పటికో ఒక పురుగు ఆ విషానికి విరుగుడు సంపాదిస్తుంది, పోటీ లేని విందు దొరికి అదీ విస్తరిస్తుంది. భూమి మీద మొక్కలూ పురుగులూ ఇన్ని రకాలుగా ఉండడానికి ఇదొక పెద్ద కారణం అన్నారు. సహపరిణామం అనే మాటకు ఊపొచ్చింది అక్కడి నుంచే.

నాకైతే ఈ కథ కొంచెం ఎక్కువ చక్కగా ఉందనిపిస్తుంది. ఎత్తుకు పైఎత్తు అని చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ రూటేసి కుటుంబం పాపిలియోల కంటే ఎంతో పాతది. చెట్లు ముందే రకరకాలుగా చీలి స్థిరపడ్డాయి, సీతాకోకచిలుకలు తర్వాత వచ్చి, తమ దగ్గరున్న తాళంచెవి ఏ తలుపుకు పడితే ఆ ఇంట్లో దూరాయి. చాలాచోట్ల జరిగింది యుద్ధం కన్నా ఇల్లు మారడమే ఎక్కువ. 2023లో సుమారు 2,300 జాతుల సీతాకోకచిలుకల డీఎన్ఏ పోల్చిన ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. ఇవి సుమారు 10 కోట్ల ఏళ్ల కిందట అమెరికా ఖండాల వైపు పుట్టాయనీ, మొదటి తిండి బహుశా చిక్కుడు కుటుంబపు మొక్కలేననీ అందులో తేలింది. ఇన్ని కోట్ల ఏళ్లు గడిచినా మూడింట రెండు వంతుల జాతులు ఇప్పటికీ ఒక్క మొక్కల కుటుంబాన్నే అంటిపెట్టుకుని ఉన్నాయి. తాళంచెవి మార్చుకోవడం అంత తేలిక కాదు మరి.

మా బాల్కనీ పురుగు ఈలోగా నాలుగుసార్లు కుబుసం విడిచి, రెట్ట వేషం మానేసి ఆకుపచ్చగా బలిసింది. ఒక రాత్రి కుండీ వెనక్కి పాకి, నడుముకు పట్టు దారంతో ఉరివేసుకున్నట్టు కట్టుకుని ప్యూపా అయింది. పది పన్నెండు రోజులకు అందులోంచి వచ్చింది ఆడది. కింది రెక్కల మీద తెల్ల మచ్చలు, అంచుల్లో ఎర్రటి చుక్కలు.

ఆ ఎరుపు దాని సొంతం కాదు. నల్లరేగడి చేలగట్ల మీద గాడిదగడపాకు అనే వెగటు మొక్క పాకుతుంది. అందులో అరిస్టొలోకిక్ ఆమ్లం ఉంటుంది, మనిషి మూత్రపిండాల్ని పాడుచేసే విషం. కామన్ రోజ్ అనే సీతాకోకచిలుక పిల్లలు ఆ కుటుంబం మొక్కల్నే తిని, విషాన్ని విరగ్గొట్టకుండా ఒంట్లో దాచుకుంటాయి, జిల్లేడాకు తినేవి జిల్లేడు విషాన్ని దాచుకున్నట్టే. ఒకసారి నోట పెట్టుకున్న పిట్ట ఆ ఎరుపు-తెలుపు రెక్కల్ని మర్చిపోదు. కరివేపాకు తిని పెరిగిన మన మార్మన్‌లో అలాంటి దాచిన విషం లేదు, అందుకే వేషం వేసుకుంది. అదీ ఆడవాటిలో కొన్నే. కొన్ని కామన్ రోజ్‌లా, కొన్ని క్రిమ్సన్ రోజ్ అనే మరో విషపు సీతాకోకచిలుకలా, మిగతావి మగవాటిలాగే ఉంటాయి. ఒక మగడికి ఇన్ని రకాల పెళ్లాలని, బహుభార్యత్వానికి అప్పట్లో పేరుపడ్డ మార్మన్లు అనే అమెరికా మతశాఖ పేరు పెట్టారు దొరలు. దొంగవేషాలు మరీ ఎక్కువైతే పిట్టలు మోసం పసిగడతాయి, అందుకే అన్నీ వేషం కట్టవు. ఈ ఆడవన్నీ ఒకే జాతివని 1865లో రాసింది ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్. వేషాన్ని నడిపేది డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువని 2014లో కృష్ణమేఘ్ కుంటే, సహచరులు తేల్చారు. పురుగుల్లో ఆడామగా తేడాలను దిద్దే జన్యువు అది.

రెక్కలు ఆరాక అది ఎగిరిపోయింది. వారం తర్వాత అలాంటిదే ఒకటి మళ్లీ వచ్చింది. అదో, వేరేదో చెప్పలేను. తులసి మీద వాలి కాళ్లతో కొట్టింది, వదిలేసింది. మందారం మీద కొట్టింది, వదిలేసింది. కరివేపాకు లేత చిగురు మీద మాత్రం రెండుసార్లు కొట్టి, పొట్ట వంచింది.