ఆ 80 శాతం ఎక్కడిది? క్లౌడ్ అలర్టుల వెనకటి కథ

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు చిన్న వ్యాపారాల సర్వర్లు చూసుకునే తెలుగు కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. పట్టుచీరల కొట్టుకు సైటు, కోచింగ్ సెంటర్‌కు మాక్ టెస్టుల యాప్, లారీ ఆఫీసుకు బిల్లింగ్... అన్నీ ఒక్కరి నెత్తినే ఉంటాయి. సర్వర్ ముంబైలోనో హైదరాబాద్‌లోనో నడుస్తుంటుంది. ఏదైనా తేడా వస్తే ఇక్కడున్న మనిషికి తెలియాలంటే అలర్టు ఒక్కటే దారి. ఆ అలర్టుల సెట్టింగులు తెరిచి చూడండి, ఎక్కువచోట్ల ఒకే అంకె ఉంటుంది: సీపీయూ 80 శాతం దాటితే మెయిల్ పంపు. 80 ఎందుకని అడిగితే ‘అందరూ అదే పెడతారు కదన్నా’ అంటారు. ఒకప్పుడు ఆ అంకెకు గట్టి కారణమే ఉండేది. ఆ కారణం పోయి చాలా ఏళ్లయింది, అంకె మాత్రం పోలేదు.

దూరంగా ఉన్న నెట్‌వర్క్ పరికరాన్ని నీ పరిస్థితి ఏమిటని అడిగి తెలుసుకునే ఎస్ఎన్ఎంపీ పద్ధతి 1988లో వచ్చింది. దాని ఆధారంగా టోబియాస్ ఓటికర్ రాసిన ఎంఆర్‌టీజీ అనే ప్రోగ్రాం 1995లో విడుదలైంది. ఆయన పనిచేసే చోట బయటి ప్రపంచానికి ఉన్నది ఒకే ఒక్క 64 కిలోబిట్ల లైను. అది ఎంత నిండుతోందో అందరికీ ఆసక్తే. ఐదు నిమిషాలకోసారి లెక్క తీసి గ్రాఫు గీయడం ఆ ప్రోగ్రాం పని. గ్రాఫు బాగానే ఉండేది కానీ, దాని ముందు మనిషి కూర్చుంటేనే ఉపయోగం.

మనిషి కూర్చోకపోయినా పిలిచే ఏర్పాటుగా 1999లో ఈథన్ గాల్‌స్టాడ్ నెట్‌సెయింట్ తెచ్చారు. 2002లో దాని పేరు నాగియోస్ అయింది. మన అలవాటు ఎక్కువగా బలపడింది ఇక్కడే అని నా అభిప్రాయం. నాగియోస్‌తో వచ్చే నమూనా ఫైల్లో డిస్కుకు రెండు హద్దులు రాసి ఉంటాయి: ఖాళీ 20 శాతం కన్నా తగ్గితే హెచ్చరిక, 10 శాతం కన్నా తగ్గితే ప్రమాదం. అంటే 80 నిండగానే మొదటి కబురు. ఆ రోజుల్లో అది సబబే. కొత్త డిస్కు కావాలంటే కొటేషన్ తేవాలి, పైవాళ్లు సంతకం పెట్టాలి, సరుకు విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో రావాలి, ఒక రాత్రి మెషీన్ ఆపి బిగించాలి. ఆ పనులన్నీ అయ్యేదాకా మిగిలిన 20 శాతంతో నెట్టుకురావాలి. అలా డిస్కుకు పెట్టిన హద్దునే సీపీయూకీ, మెమరీకీ కూడా తగిలించేశారు.

అమెజాన్ 2006లో ఈసీ2 అనే అద్దె సర్వర్ల సేవ మొదలుపెట్టాక సర్వర్ నిమిషాల్లో దొరికే వస్తువైంది. 2009లో ఆ సర్వర్లను గమనించే క్లౌడ్‌వాచ్ వచ్చింది, 2010 డిసెంబరులో దానికి అలారాలు కలిశాయి. మనకు దగ్గరగా అమెజాన్ సర్వర్ కేంద్రాలు, అంటే రీజియన్లు, ముంబైలో 2016లో, హైదరాబాద్‌లో 2022లో తెరుచుకున్నాయి. సామాను తెప్పించుకునే వ్యవధి వారాల నుంచి నిమిషాలకు పడిపోయినా, ఎక్కడ హెచ్చరించాలో మళ్లీ లెక్క వేసినవాళ్లు తక్కువ.

దీనివల్ల ఏం జరుగుతుందో ఒక్క ఉదాహరణ చాలు. 2014లో ఈసీ2లో వచ్చిన టీ2 రకం మెషీన్లు చవక, చిన్న సంస్థలకు అవే గతి. వాటిలో టీ2 మైక్రోకు సీపీయూలో పదో వంతే సొంతం. పైన వాడుకోవాలంటే క్రెడిట్లు ఖర్చు కావాలి. గంటకు 6 వస్తాయి, మొత్తం 144 దాకా దాచుకోవచ్చు. ఒక క్రెడిట్ అంటే ఒక నిమిషం పూర్తి వేగం. ఆదివారం పొద్దున పదింటికి కోచింగ్ సెంటర్ మాక్ టెస్టు మొదలైందనుకోండి. బ్యాచ్ మీద బ్యాచ్ రాస్తూ మెషీన్ ఆపకుండా పూర్తి వేగంతో నడిస్తే, పన్నెండున్నర దాటేసరికి క్రెడిట్లు అయిపోతాయి. అప్పుడు సీపీయూ గీత పైకి పోదు. 10 శాతానికి దిగి, అక్కడే బల్లపరుపుగా నిలబడుతుంది. పిల్లల స్క్రీన్ల మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది, తల్లిదండ్రుల ఫోన్లు మొదలవుతాయి, 80 శాతం అలారం మాత్రం పచ్చగా ‘ఓకే’ చూపిస్తుంటుంది. అక్కడ పెట్టాల్సింది మిగిలిన క్రెడిట్ల మీద అలారం. 50 దగ్గర పెడితే ఇంకా ముప్పావు గంటకు పైనే చేతిలో ఉంటుంది. పెద్ద మెషీన్‌కు మారడానికి అది సరిపోతుంది.

2018లో వచ్చిన టీ3 మెషీన్లలో మనం మార్చకపోతే ‘అన్‌లిమిటెడ్’ పద్ధతే ఉంటుంది. క్రెడిట్లు అయిపోయినా వేగం తగ్గదు, అదనపు వాడకం బిల్లులో పడుతుంది. క్లౌడ్‌లో నిజంగా నిండుకునేది డబ్బు అన్న సంగతి చిన్న వ్యాపారికి ఇక్కడ తగులుతుంది. బిల్లు మీద అలర్టు పెట్టుకునే వీలు 2012 నుంచే ఉంది. అయితే ఆ లెక్క వర్జీనియా రీజియన్‌లో మాత్రమే కనిపిస్తుంది. ముంబై రీజియన్ తెరిచి వెతికితే ఎంతసేపటికీ దొరకదు. పైగా అది రోజుకు కొన్నిసార్లే మారుతుంది, ఖర్చును ఆపదు, కబురు మాత్రమే చెబుతుంది. అందుకే నెల బడ్జెట్‌లో సగం దగ్గరే మొదటి హద్దు పెట్టమంటాను. పదో తేదీకే ఆ మెయిల్ వస్తే ఏదో తేడా ఉన్నట్టే.

మెమరీది ఇంకో కథ. ఈసీ2 మెషీన్ లోపల ఎంత మెమరీ వాడుతున్నారో, డిస్కు ఎంత నిండిందో క్లౌడ్‌వాచ్‌కు దానంతట అది తెలియదు. మెషీన్‌లో ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాం పెడితేనే ఆ అంకెలు వస్తాయి.

ఇక మాటిమాటికీ మోగే అలారాల బాధ. రాత్రి రెండింటికి బ్యాకప్ నడుస్తుంది, సీపీయూ ఎగబాకుతుంది, మెయిల్ వస్తుంది. నెల తిరక్కుండానే ఆ మెయిళ్లన్నీ ఎవరూ తెరవని ఫోల్డర్‌లోకి పోతాయి. అసలు అలర్టు లేకపోవడం కన్నా ఇది ప్రమాదం, ఎందుకంటే ఉందన్న భరోసా మిగిలిపోతుంది. ఒకసారి దాటగానే అరవకుండా మళ్లీ మళ్లీ చూసి నిర్ధారించుకోవడం నాగియోస్‌లోనే ఉంది. ఐదు కొలతల్లో మూడు దాటితేనే మోగమని చెప్పే వీలు క్లౌడ్‌వాచ్‌కు 2017లో వచ్చింది. ఒక మనిషి వెంటనే చేయగలిగిన పని ఉంటేనే అతన్ని నిద్ర లేపాలని గూగుల్ ఇంజినీర్లు గట్టిగా చెబుతూ వచ్చారు. ఒక్కడే అన్నీ చూసుకునే మన ఊళ్లలో ఆ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

శాతాల బదులు మిగిలిన సమయాన్ని లెక్కపెట్టే ఆలోచన గంజాం, గజపతి జిల్లాల వాళ్లకు కొత్తది కాదు. వాతావరణ శాఖ తుపాను హెచ్చరికలు వచ్చేది అలాగే: 72 గంటల ముందు ఒకటి, 48 గంటల ముందు ఒకటి, 24 గంటల ముందు ఇంకొకటి, తీరం దాటడానికి 12 గంటల ముందు మరొకటి. ఏ దశలో ఏ పని మొదలుపెట్టాలో జిల్లా యంత్రాంగానికి తెలుసు. సౌండ్‌క్లౌడ్ అనే సంగీత సంస్థలో 2012లో మొదలైన ప్రొమీథియస్ అనే సర్వర్లను గమనించే ప్రోగ్రాంలో ఇలాంటి లెక్కే ఉంది. గత గంటలో డిస్కు నిండిన వేగాన్ని బట్టి, మరో నాలుగు గంటల్లో పూర్తిగా నిండేలా ఉంటే అలర్టు ఇవ్వమని రాసుకోవచ్చు. 95 శాతం నిండినా నెలలుగా కదలని డిస్కు జోలికి అది పోదు. 60 దగ్గరుండి పరుగెడుతున్న డిస్కును పట్టుకుంటుంది.

తుపాను మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లాలో, ఇటు శ్రీకాకుళంలో కరెంటు పోయింది, ఫోన్లు పనిచేయలేదు. ముంబైలో ఉన్న సర్వర్‌కు ఆ గాలి తగలదు, అలారం మోగాల్సినప్పుడు మోగుతుంది. అందుకోవాల్సిన ఫోనే ఇక్కడ చచ్చిపడి ఉంటుంది. అలర్టు వెళ్లే జాబితాలో ఈ జిల్లాల బయట ఉండే మనిషి ఒకరైనా ఉండాలి. విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేసే తమ్ముడో, స్నేహితుడో లేని ఇల్లు ఇక్కడ అరుదే.

ఆ రెండో మనిషి పేరు చేర్చగానే అతనికి ఒక మెయిల్ వెళ్తుంది. అందులోని లింకు నొక్కి ఒప్పుకునేదాకా ఒక్క అలర్టు కూడా అతనికి చేరదు. అన్నీ పెట్టాక, అలారాన్ని మనమే కమాండ్‌తో ఒకసారి మోగించి చూడొచ్చు. తర్వాతి కొలతకు అదే మామూలు స్థితికి వచ్చేస్తుంది. అక్టోబరు రాకముందే ఆ పని చేసి, ఇద్దరి ఫోన్లలోనూ మెయిల్ పడిందో లేదో అడిగి తెలుసుకోండి.